వంకర షెడ్డు

సెక్రటరీ ఆమెను క్షమించేశాడు. గొడవంతా అక్కడే మొదలైంది.

గోల్ఫ్ క్లబ్బు ఆఫీసు గదిలో గాజు బల్లకు అవతల కూర్చుని, కాఫీ కప్పు ఆమె వైపు జరిపి, చాలా పెద్ద మనసు చేసుకుని చెప్పాడు: "పాతవేవీ నేను మనసులో పెట్టుకోలేదమ్మా. నువ్వూ మరిచిపో." ఆ పాతవి ఏమిటో తెలియనివాళ్ళు వింటే ఎంత మంచివాడో అనుకుంటారు. తెలిసినవాళ్ళకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆమెకు ఎక్కింది. అయినా కాఫీ తాగింది, పంచదార సరిపోయిందా అంటే సరిపోయిందని కూడా చెప్పింది.

ఈ సెక్రటరీ ఒకప్పుడు ఓ పెద్ద కంపెనీలో చీఫ్ ఇంజనీరు. ఆమె అతని కింద డ్రాయింగులు గీసేది. ఆమె గీసిన గీతలో వెంట్రుకవాసి తేడా ఉండదని అందరూ కలిసి స్కేలు అని పేరు పెట్టారు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు.

చీఫ్‌కు ఒక జబ్బు ఉండేది. తన ముందుకు వచ్చిన ఏ డ్రాయింగునైనా ఒక్కచోటైనా తన చేత్తో మార్చందే సంతకం పెట్టేవాడు కాదు. ఆ మార్పు ఎక్కడ చేస్తాడో ఆయనకే తెలిసేది కాదు. అందుకని కింద పనిచేసేవాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. గుడ్డివాడికైనా కనిపించే తప్పు ఒకటి కావాలనే పెట్టేవాళ్ళు. తలుపు తీస్తే గోడకు కొట్టుకునేలా గీసేవాళ్ళు, లేకపోతే మెట్లు ఎక్కడికీ వెళ్ళకుండా మధ్యలో ఆపేసేవాళ్ళు. చీఫ్ దాన్ని పట్టుకుని, నాలుగు చీవాట్లు పెట్టి, మీసం దువ్వుకుని సంతకం పెట్టేవాడు. అసలు డ్రాయింగు క్షేమంగా బయటపడేది. ముద్దొచ్చే పిల్ల బుగ్గకు పెట్టినట్టు పెట్టే తప్పు గనుక, దానికి ఆ ఆఫీసులో దిష్టిచుక్క అని పేరు. సాయంత్రం కాగితాలు లోపలికి పంపేముందు "చుక్క పెట్టావా?" అని ఒకరినొకరు అడుక్కునేవాళ్ళు.

ఆసుపత్రి మిద్దె మీద సోలార్ ప్యానెళ్ళ పని వచ్చినప్పుడు స్కేలు చుక్క పెట్టే పంపింది. కానీ ఆ రోజు చీఫ్ పక్కన ఆసుపత్రివాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు ఒక్క తప్పు పట్టుకుంటే చీఫ్ గొప్ప ఏం తెలుస్తుంది? చుక్క దిద్దాడు, చేతి దురద తీరలేదు, ప్యానెళ్ళను గాలికి లేవకుండా పట్టి ఉంచే కాంక్రీటు దిమ్మెల్లో సగం కొట్టేశాడు. మిద్దె మీద ఈ సమాధులేమిటమ్మా అని జోకు కూడా వేశాడు. అందరూ నవ్వారు. స్కేలు వద్దండీ వద్దండీ అని మొత్తుకున్నా విన్నవాడు లేడు.

వానాకాలం మొదటి గాలికే ప్యానెళ్ళు లేచిపోయి కింద నిలబెట్టిన కార్ల మీద పడ్డాయి. మనుషులు బతికిపోయారు, అదే అదృష్టం. విచారణలో చీఫ్ తల పంకించి, "అమ్మాయి గీసింది, నేను నమ్మాను" అన్నాడు. అంతే, ఆమె పేరు మట్టిలో కలిసింది. ఆ తరవాత ఏ పెద్ద కంపెనీకి వెళ్ళినా ఆసుపత్రి అమ్మాయేనా అని అడిగి, కబురు చేస్తామని పంపేసేవాళ్ళు. చివరికి రెండు గదులు అద్దెకు తీసుకుని, ఇళ్ళ మీద సోలార్ హీటర్లూ, దుకాణాలకు ఇన్వర్టర్లూ పెట్టించే పనిలో పడింది. చీఫ్ మాత్రం పూలదండలతో రిటైరై గోల్ఫ్ క్లబ్బుకు సెక్రటరీ అయ్యాడు. ఇప్పుడు ఆటగాళ్ళను మైదానంలో తిప్పే బ్యాటరీ బండ్లకు సోలార్ ఛార్జింగ్ షెడ్డు కావాలని ఆమెను పిలిపించాడు. పెద్ద కంపెనీవాళ్ళయితే ఎదురు చెబుతారు, ఈమె అయితే నోరు మూసుకుని పడి ఉంటుందని అతని లెక్క.

ఇంటికి వచ్చి జరిగింది చెబితే ఆమె భర్త, పళ్ళ డాక్టరు, ఆ పని వద్దన్నాడు. వాడి పేరు ఎత్తినప్పుడల్లా పళ్ళు నూరుతున్నావు, అరిగిపోతే కట్టాల్సింది నేనే అన్నాడు. ఆమె నవ్వలేదు.

"చేస్తాను. నా పేరు ఎలా పోయిందో ఆయన పేరూ అలాగే పోవాలి. ఆయనకు డ్రాయింగు చదవడం రాదని ఆయన మనుషుల ముందే తేలాలి. అది కళ్ళారా చూడాలి నేను" అంది.

పెళ్ళాం ఆ గొంతుతో మాట్లాడినప్పుడు అడ్డం వెళ్ళకూడదని డాక్టరుకు ఎప్పుడో తెలిసింది.

మర్నాడు స్థలం చూడటానికి వెళ్ళింది. బండ్ల బాధ్యత అంతా ఒకావిడది. క్లబ్బులో చిన్నా పెద్దా ఆమెను బండ్లక్క అంటారు. మనిషి బొద్దుగా, నోరు గలగలా. రేకుల కొట్టంలో వరసగా నిలబెట్టిన బండ్లను ఒక్కొక్కదాన్నీ తట్టి పరిచయం చేసింది. ఇది మొండిది, ఎత్తు ఎక్కమంటే ఏడుస్తుంది. ఇది పెళ్ళికూతురు, నెమ్మదిగా తప్ప నడవదు. ఇదిగో ఇది సెక్రటరీగారిది, దీనికి పొగరు. స్కేలు అడిగినవాటికీ అడగనివాటికీ జవాబులు చెప్పింది. పొద్దున్నే బండ్లన్నీ మైదానంలోకి వెళ్ళిపోతాయి. ఎండెక్కాక తిరిగొస్తాయి. మధ్యాహ్నమంతా తీగలు తగిలించుకుని నిలబడి, సాయంత్రం ఆటకు మళ్ళీ బయలుదేరతాయి. మధ్యాహ్నం కడుపు నిండకపోతే సాయంత్రం దారిలో కూలబడతాయి చెల్లీ అంది.

చెల్లీ అనడం ఆమె అలవాటు. మొదటి గంటలోనే వరస కలిపేసింది. కొట్టం వెనకే క్లబ్బు ఇచ్చిన రెండు గదుల్లో కాపురం, మంచం దిగలేని అత్తగారు తోడు. ఉద్యోగం ఉన్నంతకాలమే ఆ గదులు, అందుకే ఈ బండ్లే నా మొగుడూ పిల్లలూ అని చెప్పి పకపకా నవ్వింది. పోతూ పోతూ ఇంత మజ్జిగ తాగి వెళ్ళమని కూర్చోబెట్టింది. స్కేలు రెండు గ్లాసులు తాగింది.

స్థలానికి పక్కనే కొత్తగా కట్టిన నీళ్ళ ట్యాంకు ఉంది. ఎత్తుగా, మీద క్లబ్బు గుర్తుతో, సెక్రటరీ ముచ్చటపడి కట్టించుకున్నది. స్కేలు వరసగా కొన్నాళ్ళు వచ్చి దాని నీడ ఎటు పోతుందో నేల మీద మేకులు కొట్టి చూసుకుంది. సోలార్ పని చేసేవాళ్ళకు నీడంటే పాము కనిపించినట్టే. వరసగా కలిపిన ప్యానెళ్ళలో ఒక్కదాని మీద నీడ పడినా వరసంతా నీరసపడిపోతుంది. ఎండాకాలంలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు గనుక బాధ లేదు. చలికాలంలో కిందికి వాలి నడుస్తాడు. అప్పుడు ట్యాంకు నీడ సాగి సాగి, సరిగ్గా బండ్లు ఛార్జింగుకు నిలబడే మధ్యాహ్నం వేళ షెడ్డు మీదికి వస్తుంది. తప్పించడానికి ఒకటే దారి. షెడ్డును రోడ్డుకు సమంగా కాకుండా ఓ పక్కకు తిప్పి కట్టాలి. అప్పుడు నీడ మూల పక్కనుంచి జారిపోతుంది.

అలాగే గీసింది. గీసి దూరంగా పెట్టి చూసుకుంది. క్లబ్బు భవనం తిన్నగా ఉంది, రోడ్డు తిన్నగా ఉంది, పూలమడులు తిన్నగా ఉన్నాయి. మధ్యలో షెడ్డు ఒక్కటే తాగినవాడు నిలబడ్డట్టు వంకరగా ఉంది. ఎవరు చూసినా మొదట కన్ను పడేది దాని మీదే.

అప్పుడు ఆమెకు వెలిగింది. ఇంతకంటే మంచి దిష్టిచుక్క ఎవరు పెట్టగలరు? చూస్తే తప్పు, నిజానికి ఒప్పు. సెక్రటరీ చెయ్యి ఆగమన్నా ఆగదు. వంకర ఎందుకుందో అడిగే బుద్ధి ఉంటే బతికిపోతాడు, లేకపోతే తన గొయ్యి తనే తవ్వుకుంటాడు. ఎందుకైనా మంచిదని ఇంకెక్కడా పొరపాటు లేకుండా మిగతా డ్రాయింగు అద్దంలా దిద్దింది. ఆ రాత్రి కడుపునిండా తిని హాయిగా నిద్రపోయింది.

కమిటీ సమావేశంలో ఆమె అనుకున్నదంతా పొల్లుపోకుండా జరిగింది. బల్ల మీద డ్రాయింగు పరిచారో లేదో, సెక్రటరీ ముఖం వెలిగిపోయింది. ఈ అమ్మాయికి స్కేలు అని పేరు పెట్టింది మేమేనండీ, ఇప్పుడు స్కేలే వంకరపోతే ఏం చేస్తాం అన్నాడు. సభ్యులందరూ విరగబడి నవ్వారు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, షెడ్డును రోడ్డుకు సమంగా, అందంగా, తిన్నగా గీసిపారేశాడు.

అందరిలోకీ నవ్వనిది ప్రెసిడెంటు ఒక్కతే. ఆవిడ ఒకప్పుడు కోర్టులో జడ్జీ. కళ్ళజోడు పైకి జరుపుకుని స్కేలును అడిగింది: "ఇలా తిప్పి గీయడానికి ఏమైనా కారణం ఉందా అమ్మా?"

నీడ అన్న ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ సమాధులేమిటమ్మా అన్న నవ్వు చెవిలో మోగుతూనే ఉంది. స్కేలు చేతులు కట్టుకుంది.

"సెక్రటరీగారు అనుభవం ఉన్నవారండీ. వారి మాటే నా మాట" అంది.

షెడ్డు తిన్నగానే లేచింది. ప్రారంభోత్సవం నాడు సెక్రటరీ మైకు పట్టుకుని, డిజైనులో తన చెయ్యి ఎంత ఉందో వివరంగా చెప్పుకున్నాడు. ఇక మన బండ్లు సూర్యుడి సొత్తు, మామూలు కరెంటు ముఖం చూడక్కర్లేదని చెప్పి, పాత కనెక్షను అప్పటికప్పుడు అందరి ముందూ పీకించాడు. స్కేలు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. బండ్లక్క అయితే ఆమెను కావలించుకుని, ఎండలో మాడే నా బండ్లకు నీడ కట్టించావు చెల్లీ, నీ చెయ్యి చల్లన అంది. స్కేలుకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా నవ్వింది.

చలికాలం వచ్చింది. మొదట మొండిది ఆగిపోయింది. తరవాత పెళ్ళికూతురు. బండ్లక్క ఫోను చేసి, తీగలన్నీ సరిగ్గానే తగిలిస్తున్నాను, మధ్యాహ్నమంతా నిలబెడుతున్నాను, అయినా సగం కూడా నిండటం లేదు, ఏమిటో చూడమంది. చూద్దాంలే అక్కా అంది స్కేలు. మరి కొన్నాళ్ళకు మళ్ళీ ఫోను. ఆగిన బండ్లను మైదానంలోంచి తోసుకొస్తుంటే నడుం పట్టేసిందట, సెక్రటరీ రోజూ తిడుతున్నాడట. చూద్దాంలే అక్కా. ఫోను పెట్టేసి, సెక్రటరీ ముఖం ఇప్పుడెలా ఉందో ఊహించుకుని లోలోపల పండగ చేసుకునేది. ఒకసారి పక్కన భోంచేస్తున్న భర్త విని, పాపం ఆవిడకైనా చెప్పొచ్చు కదా అన్నాడు. పోటీలు అయిపోనీ, చెబుతాను అంది. ఆయన లేచి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆ చలికాలం పోటీలకు బయటి క్లబ్బులనుంచి పెద్దపెద్దవాళ్ళు వచ్చారు. స్కేలుకూ పిలుపు వచ్చింది. చూడాలని ఎన్నేళ్ళుగానో ఎదురుచూసినదాన్ని వరండాలో కూర్చుని కళ్ళారా చూసింది. సాయంత్రం ఆట సగంలో ఒక్కొక్క బండీ మూలిగి ఆగింది. సెక్రటరీ ముఖ్య అతిథిని ఎక్కించుకున్న పొగరు బండి సరిగ్గా కాలవ మీది చిన్న వంతెన మధ్యలో మొండికేసింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. తెల్ల ప్యాంటు వేసుకున్న సెక్రటరీ దిగి, చెమటలు కక్కుతూ తోశాడు. అతిథి పక్కన గొడుగు పట్టుకుని నడిచాడు. వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు బల్ల బల్లకూ పాకింది. స్కేలు కడుపు చల్లబడింది. ఇన్నేళ్ళ మంట ఒక్క సాయంత్రంలో ఆరింది. ఆ బండి వెనక సెక్రటరీతోపాటు బండ్లక్క కూడా భుజం ఆనించి తోస్తోందని చూసింది గానీ, ఆ రోజు అది ఆమెకు పట్టలేదు.

మర్నాడే కమిటీ కూర్చుంది. ఆమెను రమ్మన్నారు. మంచి చీర కట్టుకుని, చెప్పాల్సింది దారిపొడవునా మననం చేసుకుంటూ వెళ్ళింది. షెడ్డు దిశ మార్చింది ఈయన, మీ అందరి ముందే మార్చాడు, నీడ పడుతోంది, పోయి చూసుకోండి. ఇంతే చెప్పి తలెత్తుకుని బయటికి రావాలి.

ఆమె నోరు తెరిచేలోపల సెక్రటరీ లేచాడు. డిజైను గురించి అనుమానం అక్కర్లేదన్నాడు. ఈ అమ్మాయి నా దగ్గర పనిచేసింది, ఇంత పక్కాగా గీసే మనిషి చుట్టుపక్కల లేదు, నేను స్వయంగా చూసి ఒప్పుకున్న డిజైను బంగారం అన్నాడు. తప్పంతా వాడకంలో ఉందట. బండ్లావిడకు ఛార్జింగు పెట్టడం చేతకాదట, కబుర్లతో పొద్దు పుచ్చుతుందట, అందుకని ఆమెను తీసేసి గదులు ఖాళీ చేయమని పొద్దున్నే చెప్పేశాడట.

స్కేలు తల తిప్పి చూసింది. తలుపు దగ్గర గోడకు ఆనుకుని బండ్లక్క నిలబడి ఉంది.

చూశారా వాడి తెలివి? తన పేరు కాపాడుకోవడానికి స్కేలు పేరును కూడా నిచ్చెనెక్కించి కూర్చోబెట్టాడు. ఏ నోటితో మట్టిలో కలిపాడో ఆ నోటితోనే, అందరి ముందూ, బంగారం అన్నాడు. ఇన్నేళ్ళుగా ఆమె నిద్రలో కలవరించింది ఈ మాట కోసమే. ఇప్పుడు ఊరుకుంటే చాలు, రేపటినుంచి పెద్ద పనులు గుమ్మంలోకి వస్తాయి. మాట్లాడితే, నీడ సంగతి తెలిసీ ఆ రోజు ఎందుకు చెప్పలేదని ఆ జడ్జమ్మ అడగక మానదు. ఊరుకుంటే బండ్లక్క మంచం దిగలేని అత్తగారితో రోడ్డు మీద. అమ్మాయి గీసింది అన్న ముక్కకూ, బండ్లావిడకు చేతకాదు అన్న ముక్కకూ తేడా ఏముంది? ఒకే నోరు. ఈసారి ఆ నోటికి తాళం వేయగలిగిన మనిషి తనే.

"ఆవిడ తప్పేమీ లేదండీ" అంది స్కేలు. "షెడ్డు మీద ట్యాంకు నీడ పడుతోంది. మధ్యాహ్నమంతా పడుతోంది. అది పడకూడదనే వంకరగా గీశాను."

సెక్రటరీ చిరునవ్వు అలాగే ఉండిపోయింది. ప్రెసిడెంటు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ రోజు నేను నిన్ను అడిగాను."

"అడిగారు. తెలిసే చెప్పలేదు. ఈయన పరువు పోవాలని చెప్పలేదు. ఈయన ఆసుపత్రి దిమ్మెలు కొట్టేసి నా పేరు చెప్పాడు. అందుకు." "నేను తెలిసి చేశాను, ఇక నన్నెవరూ పనికి పిలవక్కర్లేదు. ఆయన తెలియక చేశాడు. ఆయనకు డ్రాయింగు చదవడం రాదు. ఎప్పుడూ రాదు. కావాలంటే అడిగి చూడండి."

ప్రెసిడెంటు నెమ్మదిగా లేచి, గోడకు తగిలించిన షెడ్డు డ్రాయింగు తీయించి సెక్రటరీ ముందు పరిచింది. ఇందులో ట్యాంకు ఎక్కడుందో చూపించమంది.

సెక్రటరీ నవ్వాడు. ఇదేం చిన్నపిల్లల ఆట అన్నాడు. ఆవిడ నవ్వలేదు, కూర్చోలేదు. అతను వేలు పెట్టాడు. వేలు రోడ్డు వెంట పోయింది, ఆగింది, వెనక్కి వచ్చింది, షెడ్డు చుట్టూ తిరిగింది. నుదుటి మీద చెమట పట్టింది. చివరికి ఒక గుండ్రటి గుర్తు మీద ఆగింది.

"అది పూలమడి" అంది ప్రెసిడెంటు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేదేమో అతనికి. స్కేలు ఆ వేలిని చూసింది, ఆ ముఖాన్ని చూసింది, తనివితీరా చూసింది. జాలి వేయలేదు. ఆ మాట దాచాల్సిన పనిలేదు, ఇసుమంత కూడా వేయలేదు. ఇన్నేళ్ళ పగ తీరింది, అది కూడా వంతెన మీద తీరినదానికంటే వందరెట్లు బాగా తీరింది.

కమిటీ అక్కడికక్కడే తేల్చేసింది. బండ్లక్క ఉద్యోగం ఎక్కడికీ పోదు, గదులూ పోవు. పాత కరెంటు కనెక్షను మళ్ళీ ఇప్పిస్తారు. సెక్రటరీ సంగతి సర్వసభ్య సమావేశం చూస్తుంది. స్కేలుతో మాత్రం క్లబ్బుకు ఇక ఏ సంబంధమూ ఉండదు, ఎందుకో అడిగినవాళ్ళకు దాచకుండా చెబుతారు. ఆమె సరేనండి అని దండం పెట్టి బయటికి వచ్చింది. ఒళ్ళు దూదిపింజలా తేలిగ్గా ఉంది.

బండ్లక్క మెట్ల మీద కూర్చుని ఉంది. స్కేలు వెళ్ళి పక్కన కూర్చుంది. ఇక నీకే భయమూ లేదక్కా అని భుజం మీద చెయ్యి వేయబోయింది. బండ్లక్క కొంచెం పక్కకు జరిగింది. కళ్ళు తుడుచుకుని, మైదానం వైపే చూస్తూ అడిగింది.

"నేను మొదటిసారి ఫోన్ చేసినప్పుడే మీకు తెలుసా?"

స్కేలు తల ఊపింది.

"తెలిసే చూద్దాంలే అన్నారా?"

దానికీ తల ఊపింది.

"ఆయన మీద కోపం ఉంది, తీర్చుకున్నారు. సరే. ఆయన నన్ను మనిషి కింద ఎప్పుడూ చూడలేదు, అందుకని ఆయన ఏం చేసినా నాకు బాధ లేదు. కానీ మీరు నాచేత ఆ బండ్లన్నీ తోయిస్తూ, ఫోన్ చేసినప్పుడల్లా అక్కా అని ఎలా పిలిచారండీ?"

బండ్లక్క నడుం పట్టుకుని లేచి, ఒక్కో మెట్టూ దిగి, బండ్ల దగ్గరికి వెళ్ళిపోయింది.